చిన్నన్న ఊపిరి, నాగేంద్రప్ప కారు

ఆదివారం పొద్దున ఆంజనప్ప షెడ్డు తలుపు తీసి కారు స్టార్ట్ చేసేదాకా తాయమ్మ కాఫీకి నీళ్ళు పెట్టేది కాదు. పెట్టినా దండగే. చిన్నన్న అప్పటికి మంచం మీద గోడకు ఆనుకుని, చాలీచాలని గాలిని ఎగబీల్చుకుంటూ, మాట్లాడే ఓపిక లేక తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉండేవాడు. రెండిళ్ళ అవతల ఇంజను ఒకసారి గురక పెట్టి, ఇంకోసారి దగ్గి, ఆ తర్వాత అందుకునేది. అది అందుకోగానే చిన్నన్న భుజాలు కిందికి దిగేవి. ఇంజను వేడెక్కి చప్పుడు సాఫీ అయ్యేసరికి అతను కాళ్ళు నేల మీద పెట్టి, "కాఫీ యాడమే?" అనేవాడు. అప్పుడు తాయమ్మ పొయ్యి ముట్టించేది.

చిన్నన్న ఊపిరి ఆ కారు ఇంజనులో ఉండేది. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో, ఆ కూలీల లైను ఇళ్ళవాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. గనిలో దిగే మగవాళ్ళు పైన ఫ్యాను తిరిగితే కింద గాలి పీల్చినవాళ్ళు, అది ఆగితే నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్ళు. అలాంటి ఊళ్ళో ఒక మనిషి ఊపిరి ఒక ఇంజనుకు తగులుకోవడం ఎవరికీ వింతగా తోచలేదు. ఆసుపత్రిలో డాక్టరు కూడా చిన్నన్న ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "కార్బొరేటర్ ఒకసారి చూపించుకో" అని పంపేవాడు.

చిన్నన్న భూమి లోపల రాతికి తూట్లు వేసే మిషను పట్టినవాడు. ఆ రాతిపొడి అతని ఛాతీలో పేరుకుపోయింది. యాభై దాటకముందే పని మానిపించారు. తమ్ముడు ఆంజనప్ప పైన, గని లోపలికి గాలి తోసే కంప్రెసర్ హౌసులో ఫిట్టరు. డ్యూటీ లేని వేళల్లో లైను చివర ఉన్న రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసేవాడు. మాట తక్కువ మనిషి. చేసిన పనిని చేశానని, చేయని పనిని చేయలేదని చెప్పేవాడు. ఆ ఒక్క గుణం వల్ల అతనికి ఊళ్ళో మర్యాద ఉండేది.

ఆ కారు మాత్రం వాళ్ళది కాదు. దొరల కాలంలో ఒక గని కెప్టెన్ తన దేశం నుంచి తెప్పించుకున్న రెండు సీట్ల కారు. పైకప్పు లేదు, వానొస్తే మడిచిన గుడ్డను లాగి కప్పుకోవాలి. చక్రాలకు సైకిలుకు ఉన్నట్టు కమ్మీలు. ఇంజనుకు ఒకటి కాదు, రెండు కార్బొరేటర్లు. గనులు గవర్నమెంటు చేతికి వచ్చాక దొర వెళ్ళిపోతూ దాన్ని రాబర్ట్‌సన్‌పేటలో బట్టల కొట్టు శ్రీకంఠయ్యకు ఇచ్చాడు. శ్రీకంఠయ్య దానికి ఏటా ఆయుధపూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి, మళ్ళీ లోపల పెట్టేవాడు. అతను పోయాక కొడుకు నాగేంద్రప్పకు వచ్చింది. దాని గుణం తెలిసినవాడు ఆంజనప్ప ఒక్కడే కాబట్టి అది ఎక్కువ కాలం ఆంజనప్ప షెడ్డులోనే ఉండేది.

ఒక సాయంత్రం నాగేంద్రప్ప వచ్చి కారు బానెట్ మీద చెయ్యి వేశాడు.

"ఆంజనప్పా, దీన్ని బొంబాయి దాకా పొయ్యేటట్టు చెయ్యాలప్పా."

ఆంజనప్ప చేతిలోని స్పానరు కింద పెట్టాడు. "బొంబాయికా?"

"ఊఁ. మా అక్క దాక్షాయణి ఉండాది కదా ఆడ. పాత కార్లన్నీ సముద్రం పక్కన వరసగా పోతాయంట. మా బావ నా పేరు కూడా రాయించేసినాడు."

"రైల్లో పోతే సుఖం కదా సావుకారా."

"రైల్లో నేను పోతా, కారు యాడికి పోతుంది?" నాగేంద్రప్ప నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు. "నలభై ఏండ్లొచ్చె నాకు. గజంబద్ద పట్టుకుని గుడ్డ కొలిచింది తప్ప నేను చూసింది ఏముండాది చెప్పు? మా నాయన ఉన్నన్నాళ్ళూ దీని తాళం నా చేతికియ్యలేదు. ఒకసారి పోయొస్తానప్పా."

"మా అన్న సంగతి?"

"తెలుసప్పా. అందుకే కదా నీతో చేయించేది. దారిలో ఏమీ కాకుండా బాగా చేసి ఇయ్యి."

నాగేంద్రప్ప చెడ్డవాడు కాదు. కొట్లో గుడ్డ కొలిస్తే బెత్తెడు ఎక్కువే కోసేవాడు. కానీ ఏ వస్తువునైనా వాడుకోవడమే తెలుసు, కనిపెట్టి ఉండడం తెలియదు. ముందటేడు కారును కోలారు దాకా తీసుకుపోయి, రేడియేటరులో నీళ్ళు చూసుకోలేదు. టొమాటో మార్కెట్టు దగ్గర బానెట్ కింద నుంచి ఆవిరి లేస్తున్నా హారను కొట్టుకుంటూ ముందుకే పోయాడు. ఇక్కడ చిన్నన్న ఒళ్ళు పెనంలా కాలిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. తాయమ్మ తడిగుడ్డలు వేసి వేసి, అవి ఒంటి మీదే ఆరిపోతుంటే ఏడ్చింది. మరునాడు నాగేంద్రప్ప బుట్టెడు టొమాటోలు పట్టుకుని వచ్చి, "మరచిపోయినానమ్మా తాయమ్మా" అన్నాడు. అది అబద్ధం కాదు. నిజంగానే మరచిపోయాడు. మరచిపోవడం తప్పు కింద లెక్కకు రాదని అతని నమ్మకం. అలాంటి నమ్మకం ఉన్నవాళ్ళ చేతుల్లో ఇతరుల ప్రాణాలు ఉంటాయి.

ఆ రాత్రి అన్నం తింటూ ఆంజనప్ప సంగతి చెప్పాడు. తాయమ్మ అంది. "కారు ఆయనది. ఊపిరి మనది. ఏమని కాదంటాం?"

మరుసటి రోజు నుంచి పని మొదలైంది.

గనిలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి పనివాడికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఇస్తారు. మిషను విప్పి లోపల చెయ్యి పెట్టేవాడు ముందు తన బిళ్ళను దాని పిడికి తగిలిస్తాడు. బిళ్ళ ఉన్నంతసేపు లోపల మనిషి ఉన్నట్టు. తగిలించినవాడే దాన్ని తియ్యాలి. అంతవరకు ఫోర్‌మన్ అయినా, ఎంత పెద్ద ఆఫీసరు అయినా ఆ మిషను తిప్పడానికి లేదు. ఆంజనప్ప షెడ్డులో కూడా ఇదే పద్ధతి. కారు పని మొదలుపెట్టిన పొద్దున తన బిళ్ళను తీగతో స్టీరింగుకు కట్టాడు.

రేడియేటరు విప్పి బావి నీళ్ళతో కడిగాడు. తుప్పు నీళ్ళు పోయి తేట నీళ్ళు వచ్చేసరికి చిన్నన్న గొంతులో గరగర తగ్గింది. పగుళ్ళిచ్చిన రబ్బరు గొట్టాలు మార్చాడు. బ్రేకులకు కొత్త షూలు, చక్రాలకు గ్రీసు. కమ్మీలను ఒక్కొక్కటే చేత్తో మీటి, చప్పుడు బోలుగా వచ్చినవాటిని బిగించాడు. ప్లగ్గులు తీసి గీరే రోజు చిన్నన్నకు పొద్దస్తమానం ఎక్కిళ్ళు. పక్కింటి నరసమ్మ తొంగి చూసి, "ఏమన్నా, ప్లగ్గులా?" అని అడిగి, చక్కెర ఇచ్చి పోయింది.

కార్బొరేటర్ల పని కష్టమైంది. రెండూ ఒకే రకంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీల్చితే దూరప్రయాణంలో ఇంజను నిలవదు. ఆంజనప్ప రబ్బరు గొట్టం ఒక కొస చెవికి ఆనించుకుని, ఇంకో కొస ఒక్కొక్క కార్బొరేటరు నోటి దగ్గర పట్టి విన్నాడు. ఆ పనికి ఇంజను తిరగాలి కాబట్టి బిళ్ళ విప్పి, అయ్యాక మళ్ళీ కట్టాడు. ఇంట్లో తాయమ్మ చిన్నన్న వీపుకు చెవి ఆనించి కూర్చుంది.

"కుడిపక్క బాగుండాది!" అని అరిచింది.

"ఎడమ?"

"ఎడమపక్క ఈలేస్తాంది మరిదీ."

ఆంజనప్ప మర అర చుట్టు తిప్పాడు.

"ఇప్పుడు?"

"ఇంగా కొంచెం... ఆఁ! సాలు, సాలు. ముట్టుకోవద్దు ఇంగ."

ఆ లైనులో ఎవరూ నవ్వలేదు. భర్తల వీపులకు చెవి ఆనించి వినని ఆడది అక్కడ తక్కువ.

హెడ్ దించే దినం ముందుగానే అందరికీ చెప్పారు. ఇంజను మూత విప్పి, వాల్వులు నూరి, మళ్ళీ మూసేదాకా చిన్నన్నకు ఊపిరి ఉండీ లేనట్టు ఉంటుంది. అతన్ని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. తాయమ్మ అతని ముక్కు దగ్గర చేతి అద్దం పట్టుకుంది. నరసమ్మ రేడియో ఆపించింది. అద్దం మీద ఆవిరి గోరంత వచ్చి పోతూ ఉంది. షెడ్డులో ఆంజనప్ప చెమట తుడుచుకోకుండా వాల్వులు నూరాడు. లోతుకు పోకుండా, పైపైన అంటిన మసిని మాత్రం గీరి, మూత సందులో గాలి పోకుండా కొత్త గాస్కెట్ రేకు వేసి మూసేశాడు. స్టార్ట్ చేసేసరికి అద్దం నిండా ఆవిరి కమ్ముకుంది. తాయమ్మ ఆ అద్దంలో తన ముఖం కనబడక, అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది.

అంతటితో పని అయిపోయింది. మామూలుగా బిళ్ళ తీసి జేబులో వేసుకోవాలి. కారు నడిపి చూసేముందు ఒక్క రోజు చల్లారనివ్వాలని ఆంజనప్ప దాన్ని మళ్ళీ కట్టాడు. అప్పటికి అతని మనసులో చెడ్డ ఆలోచన ఏమీ లేదు.

మరునాడు నాగేంద్రప్ప వచ్చాడు. "అయ్యిందా?"

ఆంజనప్ప స్టీరింగు వైపు చూశాడు. బిళ్ళ అక్కడ వేలాడుతూ ఉంది. ఆవిరి కక్కుతున్న బానెట్, నల్లబడ్డ పెదాలు గుర్తొచ్చాయి.

"ఇంగా ఉండాది" అన్నాడు.

"అట్లనా. సరే, బిళ్ళ తీసినాక కబురు చెయ్యి." నాగేంద్రప్ప గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. తన కారే అయినా తలుపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. బజారు మనిషి, గనిలో ఒక్క దినం దిగినవాడు కాదు. అయినా ఆ కట్టుబాటు అతనికీ తెలుసు. అతను అంత మర్యాదగా వెనక్కి పోవడమే ఆంజనప్పకు గుచ్చుకుంది.

ఆ తర్వాత కూడా వచ్చాడు. "ఇంగా ఉండాది" అనే అన్నాడు ఆంజనప్ప. మొదటిసారి చెప్పినప్పుడు నాలుక తడబడింది. తర్వాత తడబడలేదు. అబద్ధం మనిషికి అలవాటయ్యేది అలాగే. అన్న మీద ప్రేమతో చెప్పిన అబద్ధమని ఆంజనప్ప తనకు తాను చెప్పుకున్నాడు. ప్రేమతో చెప్పినా అది అబద్ధమే.

బిళ్ళ ఉన్నంతకాలం కారు స్టార్ట్ చేయకూడదు. ఎవరికోసమో పెట్టిన కట్టుబాటు తననూ కట్టేసింది. ఆదివారం వచ్చింది. షెడ్డు తలుపు తెరుచుకోలేదు. తాయమ్మ పొయ్యి దగ్గర ఎదురుచూసి ఎదురుచూసి లేచింది. కొత్తగా నూరిన వాల్వులు కదలిక లేక బిగుసుకుంటున్నాయి. ఆ వారం చిన్నన్నకు మంచం దిగడం కష్టమైంది. కూర్చుంటే ఆయాసం, పడుకుంటే ఆయాసం.

ఒక మధ్యాహ్నం అతను తాయమ్మ భుజం పట్టుకుని షెడ్డు దాకా వచ్చాడు. ఆ కాస్త దూరానికి దారిలో కూర్చుని లేచాడు. షెడ్డులో ఆంజనప్ప ఎవరిదో మోటారు విప్పుతున్నాడు. కంప్రెసర్ హౌసులో అతనితో పనిచేసే ఓబలప్ప గుమ్మంలో బీడీ తాగుతున్నాడు.

"రేయ్ ఆంజనా. పని అయిందా, లేదా?"

"నువ్వెందుకు వచ్చినావన్నా ఎండలో? వదినా, నువ్వైనా చెప్పద్దా?"

"నేనడిగింది అది కాదు."

ఓబలప్ప బీడీ ఆర్పేశాడు.

"అయింది" అన్నాడు ఆంజనప్ప చివరికి.

"ఎప్పుడు?"

"హెడ్ దించిన దినమే."

చిన్నన్న కారు రెక్క మీద చెయ్యి ఆనించి, మాటకూ మాటకూ మధ్య గాలి వెతుక్కుంటూ చెప్పాడు. "నేను లోపల... మిషను సందులో దూరి పనిచేసినప్పుడు... పైన పిడికి నా బిళ్ళ ఉండె. దాన్ని చూసి, ముఖం తెలియనోడు ఎవడో చెయ్యి ఆపుకున్నాడు. వాడు నన్ను చూడలా. నేను వాణ్ణి చూడలా. బిళ్ళను నమ్మినాడు. అట్లా బతికినోణ్ణిరా నేను. ఇప్పుడు నా తమ్ముడి బిళ్ళే అబద్ధమాడితే..." అతనికి గాలి చాల్లేదు.

తాయమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆయన బతకాలనే కదా మరిది అట్లా చేసింది."

"ఇట్లా బతకడం నాకొద్దు. తియ్యిరా."

ఆంజనప్ప తీగ విప్పి బిళ్ళ తీశాడు. తీసి ఓబలప్ప వైపు తిరిగి, అందరూ వినేలా అన్నాడు. "ఈ వారమంతా పని లేదు. ఉత్తినే కట్టినాను."

ఆ మాట చెప్పినందుకు అతనికి మెప్పు రాలేదు. రాకూడదు కూడా. మరుసటి డ్యూటీలో అతను ఒక కంప్రెసరుకు బిళ్ళ తగిలిస్తుంటే ఓబలప్ప వెనకనుంచి, "ఒరే, నిజంగా పనుండాదేమో అడిగి చూడండ్రప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆంజనప్ప తల వంచుకుని లోపల చెయ్యి పెట్టాడు. మొదటిసారి, పిడి దగ్గర ఎవరున్నారో తిరిగి చూసుకున్నాడు.

నాగేంద్రప్పకు కబురు పంపినప్పుడు ఒక మాట చేర్చాడు. గనిలో ఒక షిఫ్టువాడు పోతూ వచ్చేవాడికి మిషను అప్పగించేటప్పుడు, ఇద్దరూ కలిసి చేత్తో ముట్టి చూస్తారు. ఈ కారూ అలాగే అప్పగిస్తాను, ఇంటికి రావాలి అని. నాగేంద్రప్ప ప్రయాణానికి కొత్త చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకుని వచ్చాడు. అసలు జరిగిన సంగతి ఆంజనప్ప ముందుగా అతనికి చెప్పేశాడు. నాగేంద్రప్ప ముఖం చిన్నబోయింది. "నన్ను అడిగుంటే సరిపోయేది కదప్పా" అన్నాడు.

కారును తోసి చిన్నన్న గుమ్మం ముందు నిలబెట్టారు. చిన్నన్న మంచం మీద చొక్కా విప్పి కూర్చున్నాడు. నాగేంద్రప్పను పక్కన కూర్చోబెట్టి, అతని అరచేతిని చిన్నన్న రొమ్ము మీద పెట్టించాడు ఆంజనప్ప. బయటికి వెళ్ళి స్టార్ట్ చేశాడు.

"ఇది నిలబడి ఉన్నప్పుడు" అని అరిచాడు. "తెలస్తాందా సావుకారా?"

"తెలస్తాంది."

"ఇది మామూలు రోడ్డు మీద పోతాంటే." ఇంజను చప్పుడు పెరిగింది. నాగేంద్రప్ప అరచేతి కింద పక్కటెముకలు లేచి దిగాయి. ఒక ఊపిరి దిగేలోపల ఇంకోటి.

"ఇది గుట్ట ఎక్కేటప్పుడు, నువ్వు గేరు మార్చకుండా తొక్కితే."

చిన్నన్న నోరు తెరుచుకుంది. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. నాగేంద్రప్ప చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "చాలప్పా! చాలు, ఆపు!"

"చెయ్యి తియ్యొద్దు సావుకారా. కోలారుకు పోయిన దినం ఎట్లుండెనో ఇంగా చూపించలా."

"వద్దు ఆంజనప్పా, నీకు దండం పెడతా." టోపీ జారి నేల మీద పడింది. చిన్నన్న ఎగరొప్పుతూనే వంగి దాన్ని తీసి, దుమ్ము దులిపి, అతని చేతికిచ్చాడు.

"పోయి రా సావుకారా. సముద్రం చూసి రా" అన్నాడు.

నాగేంద్రప్ప పొద్దునే బయలుదేరాడు. ముందు కోలారు అవతల వేమగల్ దాకా నడిపి చూసి, తర్వాత పెద్ద రోడ్డు పడతానన్నాడు. ఆంజనప్ప వదినకు దారిలో వచ్చే ఊళ్ళ పేర్లు వరసగా చెప్పాడు. తాయమ్మ కోలారు దాటి ఎరగదు. అయినా భర్త పక్కన కూర్చుని, అతని ఊపిరిని పట్టుకుని దారంతా చూసింది.

"బెంగళూరు" అంది, ఊపిరి ఆగి ఆగి, ఎక్కిళ్ళలా వచ్చినప్పుడు. "బండ్లు జాస్తి. నిలబెడతాడు, పోతాడు." తర్వాత ఊపిరి పొడుగ్గా, ఒకే తీరుగా సాగింది. "చక్కటి రోడ్డు." సాయంత్రానికి మెల్లగా తగ్గి, పలచబడి, నిద్రలో ఉన్నట్టయింది. "యాడనో నిలిపి పడుకున్నాడు. బోంచేసినాడో లేదో" అంది. తన భర్త ప్రాణం పట్టుకుపోయినవాడి తిండి గురించి ఆమె అడిగినందుకు ఆంజనప్ప ఆశ్చర్యంగా చూశాడు.

మరుసటి పగలు ఎండ ముదిరాక చిన్నన్న ఒళ్ళు వెచ్చబడింది. తాయమ్మ తడిగుడ్డ తెచ్చింది. ఒళ్ళు ఇంకా వేడెక్కింది. అక్కడ నాగేంద్రప్ప గుట్ట ఎక్కుతున్నాడు. నరసమ్మ, పక్కింటివాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పెదాలు నల్లబడతాయని అందరూ వాటివైపే చూస్తున్నారు. అవి నల్లబడలేదు. ఊపిరి వేగం తగ్గి, తగ్గి, నెమ్మదించింది.

"ఆపినాడు" అన్నాడు ఆంజనప్ప.

"నిజంగానా?"

"చూడు. చల్లారేదాకా రేడియేటరు మూత తియ్యకుండా కూర్చున్నాడు."

ఎంతసేపో కూర్చున్నాడు. ఆ మనిషి ఏదో గుట్ట దారిలో, ఏ రాతి నీడనో టోపీతో విసురుకుంటూ, కారును చూస్తూ కూర్చున్నాడని చాంపియన్ రీఫ్స్‌లో వాళ్ళందరికీ తెలిసింది. తర్వాత చిన్నన్న గొంతులో చల్లటి నీళ్ళు దిగినట్టు గుటక పడింది. తాయమ్మ అనుకోకుండా, "మంచోడు" అంది.

కానీ దారి అంతటితో అయిపోలేదు. మూడో పొద్దున ఊపిరిలో ఏదో తప్పింది. ఒక గుక్క నిండుగా, ఒక గుక్క బోలుగా. ఆంజనప్ప అన్న వీపుకు చెవి ఆనించి విన్నాడు. "గాస్కెట్ పోయింది" అన్నాడు. అతను వేసిన గాస్కెట్టే అది. బాగానే వేశాడు. బాగానే వేసినవి కూడా పోతాయి.

కాసేపటికి చిన్నన్న ఊపిరి సన్నబడి, ఉండీ లేనట్టయింది. చాప పరిచారు. తాయమ్మ అద్దం తెచ్చింది.

ఎక్కడో తెలియని ఊళ్ళో, తెలియని షెడ్డులో ఎవరో హెడ్ దించారు.

నాగేంద్రప్పకు స్పానరు పట్టడం రాదు. ఇది వేరెవరో చెయ్యి. ఆ మనిషి ఎలాంటివాడు? కొత్త గాస్కెట్ వేస్తాడా, పాతదానికే జిగురు పూసి మూసేస్తాడా? మరలన్నీ వరస తప్పకుండా బిగిస్తాడా, ఆకలి వేస్తోందని రెండు వదిలేస్తాడా? అతనికి చిన్నన్న సంగతి తెలియదు. ఈ ఇల్లు, ఈ చాప, ఈ అద్దం తెలియవు. అతనికి అది దారినపోయే ఒక పాత కారు మాత్రమే. ఆంజనప్ప ఇంతవరకు ఎవరి చేతినీ నమ్మలేదు. తన చెయ్యి ఒకటి నమ్మదగ్గది అనుకున్నాడు, అది కూడా అబద్ధం చెప్పింది. ఇప్పుడు పేరు తెలియని ఆ మనిషిని నమ్మడం తప్ప దారి లేదు.

షెడ్డు ముందు లారీ హారను మోగింది. కోలారు మార్కెట్టు నుంచి టొమాటోలు ఎత్తి మద్రాసుకు పోయే లారీ. ఆ తెల్లవారుజామున దాని బ్రేకులు విప్పి, మనసు అన్న దగ్గర పెట్టుకుని, గబగబా సర్ది మూసేశాడు ఆంజనప్ప. "బాగుండాది, పోవచ్చు" అని తల ఎత్తకుండానే డ్రైవరుతో అన్నాడు. డ్రైవరు టీ తాగి వచ్చి, కూలి ఇచ్చి పోదామని పిలుస్తున్నట్టున్నాడు. ఆంజనప్ప కదలకుండా అన్న పక్కనే కూర్చున్నాడు.

హెడ్ దించిన ఆ తెలియని మనిషి చాలా ఆలస్యం చేశాడు. ఆంజనప్ప ఎన్నడూ అంతసేపు హెడ్ విప్పి ఉంచడానికి సాహసించలేదు. అద్దం మీద ఆవిరి ఆవగింజంత అయింది. నరసమ్మ తాయమ్మను పట్టుకుంది. ఎవరో ఏడుపు మొదలుపెట్టబోతే ఆంజనప్ప కసిరాడు.

"గీరుతాండాడు" అన్నాడు మెల్లగా. "లోపలిదాకా గీరుతాండాడు."

చిన్నన్న ఒళ్ళు ఒక్కసారిగా విల్లులా వంగింది. దగ్గు వచ్చింది. ఏళ్ళ తరబడి వచ్చే పొడి దగ్గు కాదు. ఛాతీ అడుగు నుంచి, ఇంకా కింది నుంచి పెకిలించుకుని వచ్చిన దగ్గు. తాయమ్మ అందిన తట్టను నోటి కింద పెట్టింది. బూడిదరంగు బురద పడింది. మళ్ళీ పడింది. అందులో సన్నటి రాతిపొడి తళుక్కుమంది. అది గని రాయి. ఆ లైనులో ప్రతి ఇంటికీ తెలిసిన రాయి. తట్ట బరువెక్కి తాయమ్మ చేతులు కిందికి దిగాయి.

తర్వాత చిన్నన్న గాలి పీల్చాడు. చప్పుడు లేదు, ఈల లేదు. రెండు పక్కలా ఒకేసారి పక్కటెముకలు లేచాయి. ఆంజనప్ప చెవి ఆనించి విన్నాడు. ఎడమా కుడీ తేడా లేదు. తాను మర తిప్పి తిప్పి తేలేని సమానం అది.

చిన్నన్న లేచి కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు. "అందరూ ఎందుకు వచ్చినారు?" అన్నాడు. ఒకే గుక్కలో అన్నాడు. ఆ మాట విని తాయమ్మ ఏడ్చింది.

"ఎవరి చెయ్యో గాని," అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "సల్లగుండాల."

ఆ మనిషికి చిన్నన్న సంగతి ఎవరూ చెప్పి ఉండరు. చూసేవాళ్ళు లేరు. పైపైన గీరి మూసేసినా అడిగేవాళ్ళు లేరు. కారు తన ఊరి పొలిమేర దాటాక అది ఆగితేనేం, పోతేనేం? అయినా లోపలిదాకా గీరాడు. అతని పేరు ఆంజనప్పకు ఎన్నటికీ తెలియలేదు. తర్వాత నాగేంద్రప్పను అడిగితే, "ఎవరో ముసలాయనప్పా, మాట్లాడనే లేదు" అన్నాడు.

బయట లారీ స్టార్ట్ అయింది. ఆంజనప్ప గబుక్కున లేచి, చెప్పులు లేకుండానే వీధిలోకి పరుగెత్తి, లారీకి అడ్డంగా నిలబడి చేతులెత్తాడు. డ్రైవరు బ్రేకు తొక్కి తల బయటపెట్టాడు. చిన్న వయసువాడు, తెల్లవారుజామున ఆంజనప్ప సరిగ్గా చూడనైనా చూడని ముఖం.

"ఏందన్నా? సరుకు చెడిపోతాది, పోవాల."

"దిగప్పా. బ్రేకులు ఇంగొకసారి విప్పి చూస్తా."

"పొద్దున బాగుండాది, పోవచ్చు అంటివి కదన్నా?"

"అన్నాను" అన్నాడు ఆంజనప్ప. "దిగు."